మొదటి తారీఖు పొట్లాలు

నాన్న సైకిలు హ్యాండిలుకి మామూలు రోజుల్లో ఒకటే సంచి వేలాడేది. అందులో ఖాళీ టిఫిన్ డబ్బా, ఒక్కోసారి అరకిలో వంకాయలు. మొదటి తారీఖున మాత్రం సంచితో పాటు రెండు పొట్లాలు. ఒకటి అరటాకులో చుట్టింది, తడితడిగా. రెండోది స్వీటు షాపు అట్టపెట్టె, పురికొసతో అడ్డం నిలువు కట్టింది, అడుగున నెయ్యి మరకతో. సైకిలుకి స్టాండు వేసి, సంచి నా చేతికిచ్చి, పొట్లాలు మాత్రం తనే లోపలికి తెచ్చేవాడు. తెచ్చి అమ్మ చేతికిచ్చేవాడా? అబ్బే. వసారాలో మంచినీళ్ళ కుండ మూత మీద పూలపొట్లం, పక్కన గూట్లో స్వీటు పెట్టి, తనకేమీ సంబంధం లేనట్టు కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి పోయేవాడు.

మా ఇల్లు బెజవాడ సత్యనారాయణపురంలో. అప్పట్లో ఆ పేట మధ్యనుంచే బందరు వెళ్ళే రైలుపట్టాలు ఉండేవి. ఇప్పుడక్కడ బీఆర్టీఎస్ రోడ్డు పడింది, పట్టాలున్నాయంటే మా పిల్లలు నమ్మరు. నాన్న వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. కొట్టు కట్టేశాక కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర ఆగి పూలు తీసుకుని, కాలవ వంతెన ఎక్కి దిగి, గాంధీనగర్ సినిమాహాళ్ళ ముందు మ్యాట్నీ వదిలిన జనంలోంచి బెల్లు కొట్టుకుంటూ వచ్చేవాడు. అలంకార్, అప్సర, ఊర్వశి... ఏ హాల్లో ఏ బొమ్మ మారిందో ఆయన చెబితేనే మాకు తెలిసేది.

బెజవాడ ఎండల గురించి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా వసారాలో అరుగు నిజంగానే బీటలిచ్చింది. కానీ ఆ ఎండలతోనే మల్లెలూ వస్తాయి. మైలవరం వైపు తోటల్లో తెల్లారకముందే కోసిన మొగ్గలు గంపల్లో బస్సుల మీద ఊళ్ళోకి దిగేవి. మల్లె చిత్రమైన పువ్వు. పొద్దున కోసిన మొగ్గ పగలంతా బిగదీసుకుని కూర్చుంటుంది, దీపాలు పెట్టే వేళకి మెల్లగా విచ్చుకుంటుంది. రాత్రుళ్ళు తిరిగే పురుగుల్ని పిలవడానికట ఆ వాసన. ఎవర్ని పిలవడానికైతేనేం, రాత్రి తొమ్మిదింటికి పేటంతా ఆ వాసనే.

కట్టిన పూలు మూరల లెక్క, విడి మొగ్గలు సోల లెక్క. మూరలో మోసం ఉంటుంది. పూలమ్మే ఆవిడ మోచెయ్యి కాస్త మడిచిందంటే నాలుగు వేళ్ళ దండ ఎగిరిపోతుంది. మా వీధిలోకి వచ్చే ఇద్దరు పూలవాళ్ళలో పొడుగు చేతుల ఆవిడ కోసం ఆడవాళ్ళందరూ కాచుక్కూర్చునేవాళ్ళు. నాన్న లెక్కలు రాసే మనిషి కదా, మూరల జోలికి పోయేవాడు కాదు. సోలెడు మొగ్గలు కొలిపించుకుని తెచ్చేవాడు. తల గొట్టి కొలిచారా, కొసరు వేశారా అన్నది ఆయన చూసుకున్నాకే అరటాకులోకి పడేవి.

చిక్కల్లా ఏమిటంటే, మా అమ్మకి పూలు కట్టడం రాదు. నిజంగా రాదు. సూదిలో దారం ఎక్కించి గుచ్చగలదుగానీ, గుచ్చిన దండని అమ్మ లెక్కచేసేది కాదు, మొగ్గకి గాయమవుతుందని, తొందరగా కమిలిపోతుందని. అరటినార తడిపి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, బొటనవేలి మీదుగా మెలేసి ముడి బిగించే ఆ పని అమ్మ వేళ్ళకి పట్టుబడలేదు. బిగిస్తే తొడిమ తెగేది, వదులు చేస్తే దండ జారేది. కాబట్టి నాన్న అమ్మ కోసం తెచ్చిన పూలు ముందు మామ్మ ఒళ్ళోకి వెళ్ళాలి. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ.

మామ్మ కడుతుంటే చూడాల్సిందే. కళ్ళు వీధిలో వచ్చేపోయే వాళ్ళ మీద, నోరు ఎవరో ఒకరి సంసారం మీద, వేళ్ళు మాత్రం వాటి దారిన అవి. మధ్యలో పెరట్లో మరువం ఒక రెబ్బ, కనకాంబరాలు నాలుగు. చూస్తుండగానే ఒళ్ళో మొగ్గలు తరిగి, పక్కన తడిగుడ్డ మీద దండ చుట్ట పెరిగేది. ఎండాకాలం సెలవుల్లో నాకూ అక్కకీ పూలజడ కుట్టేది కూడా ఆవిడే. కుట్టించుకుని, మెడ తిప్పకుండా గవర్నర్‌పేట స్టూడియోకి రిక్షాలో వెళ్ళి, వెనకాల అద్దం పెట్టి జడ కనపడేలా ఫోటో తీయించుకోవడం. ఆ ఫోటో లేని ఇల్లు మా ఈడు ఆడపిల్లలున్న వీధిలో ఒక్కటుండదు. అందరం ఒకేలా బిక్కమొహం వేసుకుని ఉంటాం, జడ బరువుకి.

మామ్మ మాత్రం పూలు పెట్టుకోదు. తాతయ్య 1964లో పోయారు, నేను పుట్టకముందే. ఆ రోజునుంచి పూలు లేవు, బొట్టు లేదు. ఇది మాకు విడ్డూరంగా కూడా అనిపించేది కాదు, మామ్మంటే అలాగే ఉంటుందనుకునేవాళ్ళం.

ఒకసారి నాన్న పెత్తల్లి కూతురు, మాకు అత్తయ్య, గుంటూరు నుంచి వచ్చింది. సాయంత్రం మామ్మ ఒళ్ళో మొగ్గలు చూసి ఊరుకోలేదు. "అదేమిటి పిన్నీ, ముత్తైదువ తల్లో పెట్టుకునే పూలు నువ్వు కడతావా? ఇంట్లో ఇంకెవరూ లేనట్టు" అంది. మామ్మ వేళ్ళు ఆగిపోయాయి. కబుర్లు ఆగడం చూశానుగానీ ఆ వేళ్ళు ఆగడం అదే మొదలు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అత్తయ్యని ఏమీ అనలేదు. "అత్తయ్యా, ఇంకా సగం మొగ్గలుండిపోయాయి. దీపాల వేళవుతోంది, కానివ్వండి" అంది మామ్మతో. దండ పూర్తయ్యేదాకా అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అయ్యాక వచ్చి మామ్మ ముందు వీపు తిప్పి కూర్చుంది. "మీరే పెట్టండి" అంది. మామ్మ చేతులు వణికాయో లేదో నాకు గుర్తులేదు. గుంటూరు అత్తయ్య కాఫీ చల్లారిపోవడం మాత్రం గుర్తుంది.

ఇక స్వీటు సంగతి. పావుకిలో ఎప్పుడూ పావుకిలోనే. రకం మాత్రం నాన్న మనసుని బట్టి. ఒక నెల మైసూరుపాకు, ఒక నెల జిలేబీ, కొట్లో బోనస్ ఇచ్చిన నెల బందరు నల్ల హల్వా. గోధుమపాలు తీసి, బెల్లం పోసి, చెయ్యి నొప్పెట్టేదాకా కలిపితే వచ్చే హల్వా అది. చాకుతో కోస్తే చాకుకి అంటుకోకుండా నెయ్యి తేలుతుండేది. పెట్టె అందరి ముందూ విప్పేవాళ్ళు. దేవుడికి ఒక ముక్క, మామ్మకి ఒకటి, మాకు తలా ఒకటి, పక్కింటి పిల్లాడు వాసన పట్టి వస్తే వాడికొకటి. అమ్మ వాటా ఏదని ఎవరూ అడిగేవాళ్ళం కాదు. చాలా ఏళ్ళకి అర్థమైంది. స్వీటు మాకు, పూలు అమ్మకి. ఇంట్లో అత్తగారూ పిల్లలూ అంతమంది ఉండగా పెళ్ళానికొక్కదానికే ఏదైనా తేవడం ఆ రోజుల మగాడికి సిగ్గు. అందుకని అందరికీ తీపి పంచి, ఆ సందట్లో పూలు దాటించేవాడు. ఒకరకంగా చెప్పాలంటే మేం లంచం తిన్నాం.

ఆ రాత్రి మా పడకలు డాబా మీద. ఎండాకాలం రోజూ అక్కడే అనుకోండి, సాయంత్రం నాలుగు బిందెల నీళ్ళు చల్లి, సెగ పోయాక చాపలు పరిచేవాళ్ళం. మొదటి తారీఖున మాత్రం మామ్మ కూడా మోకాళ్ళ నొప్పులన్నా వినకుండా మెట్లెక్కి వచ్చేది. "కింద గాలాడటం లేదర్రా" అనేది. చక్కగా ఫ్యాన్ తిరిగే గది వదిలి వచ్చి అలా అనేది! మాకు కథలు దొరికేవి, మేమెందుకు అడ్డు చెబుతాం.

ఇంట్లో వాతావరణం ఎలా ఉందో తెలుసుకోడానికి నేను పూలెక్కడున్నాయో చూసేదాన్ని. దీపాల వేళకి అమ్మ తల్లో ఉన్నాయంటే అంతా బావున్నట్టు. తొమ్మిదైనా కుండ మూత మీదే ఉన్నాయంటే అలక. ఒకసారి నాన్న జీతంలో పెద్ద మొత్తం ఎవరో స్నేహితుడికి అప్పిచ్చి ఖాళీ చేతుల్తో వచ్చి, పొట్లాలు మాత్రం మర్చిపోకుండా తెచ్చాడు. ఆ సోలెడు మొగ్గలూ అరటాకులోనే విచ్చుకుని, తెల్లారేసరికి గోధుమరంగుకి తిరిగాయి. అమ్మ వాటిని తీసి తులసికోట మొదట్లో వేసింది. మాటా పలుకూ లేదు. రెండో రోజు నాన్న మళ్ళీ పూలు తెచ్చాడు, తారీఖు కాకపోయినా. ఆ రోజు స్వీటు లేదు. మాకు అన్యాయం జరిగిందని నేనూ అక్కా అనుకున్నాం.

1980లో కృష్ణా పుష్కరాలొచ్చాయి. బందరు నుంచి చుట్టాలు దిగారు, ఇల్లు సత్రమైంది. నాన్న దుర్గా ఘాట్‌లో తాతయ్యకి పిండం పెట్టాడు. అందరూ మునకలేసి బట్టలు మార్చుకునే హడావుడిలో ఉంటే మామ్మ నన్ను చెయ్యిపట్టుకుని మెట్ల చివరికి తీసుకెళ్ళింది. ఎదురుగా బ్యారేజీ, వెనక ఇంద్రకీలాద్రి మీద మైకులో మంత్రాలు. మల్లెల కాలం దాటిపోయింది, సన్నజాజులొచ్చాయి. కొంగులోంచి సన్నజాజుల దండ తీసి నీళ్ళలో వదిలింది. "జన్మలో ఒక్క మూర తెచ్చిన పాపాన పోలేదు మీ తాత. నేనే ఇస్తున్నా పుచ్చుకోమను" అంది.

నాకు తాతయ్య మీద కోపమొచ్చింది. నా మొహం చూసి మామ్మ నవ్వింది. తర్వాత మెట్ల మీద కూర్చుని చెప్పింది. బందర్లో వాళ్ళ ఇంట్లో పద్నాలుగు మంది. అత్తగారు, తోడికోడళ్ళు, పెళ్ళికాని ఆడపడుచులు. తాతయ్య ఒక లాయరు దగ్గర రాతకోతలు చూసేవారు. ఇంటికి వస్తూ తొక్కుడు లడ్డూ ఒక్కటి, ఒకే ఒక్కటి, కాగితంలో చుట్టి తెచ్చి, ఎవరూ చూడకుండా బియ్యం డబ్బాలో పూడ్చేవారు. తెల్లవారుజామున మామ్మ బియ్యం కొలవడానికి చెయ్యి పెడితే వేళ్ళకి తగిలేది. పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి, నిలబడే తినేసేది.

"పూలు తెస్తే ఇల్లంతా తెలుస్తుందే పిచ్చిదానా. వాసన దాగుతుందా? పద్నాలుగు మందికీ పంచాలి, లేకపోతే పద్నాలుగు మాటలు పడాలి. లడ్డూ అయితే మింగేస్తే పోయె" అంది.

తొక్కుడు లడ్డూ అలా మింగేయడానికే పుట్టిందని నాకు అప్పటినుంచీ ఒక నమ్మకం. శనగపిండిని జంతికల్లా వేయించి, రోట్లో వేసి దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచి, నెయ్యి పోసి ఉండ చుడతారు. ఆ తొక్కడం వల్లే ఆ పేరు. అంత దంచాక ఇక దానిలో పలుకూ ఉండదు, చప్పుడూ ఉండదు. బూందీ లడ్డూలా నలిగి రాలదు, కాజాలా పాకం కారదు. 2017లో బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారని పేపర్లో చదివినప్పుడు వాళ్ళు రుచీ, చరిత్రా అన్నీ రాశారుగానీ, ఇది రాయలేదే అనుకున్నాను.

పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం మూలంగా కొన్నాళ్ళు మద్రాసులో ఉన్నాం. అక్కడా ఇదే భాష. మల్లిగైపూ, అల్వా పట్టుకుని మొగుడు ఇంటికొస్తున్నాడంటే వీధి వీధంతా ముసిముసిగా నవ్వుతుంది. వాళ్ళకి మదురై మల్లె గొప్ప, తిరునల్వేలి అల్వా గొప్ప. అయితే తమిళంలో ఒకడికి అల్వా ఇచ్చారంటే వాణ్ణి నిలువునా ముంచారని కూడా అర్థమట. మనమేం తక్కువ, చెవిలో పువ్వు పెడతాం కదా. ప్రేమకి వాడే సరుకులే మోసానికీ వాడుకున్నాం ఇరుపక్కలవాళ్ళమూ.

మా ఆయన మొదటిసారి నాకు పూలు తెచ్చిన కథ ఇంట్లో ఇప్పటికీ నవ్వులాటే. డిసెంబరు నెల. ఆఫీసు నుంచి గర్వంగా తెల్లటి దండ పట్టుకొచ్చారు. మూడు మూరలు! ముక్కుకి ఆనించుకుంటే ఏ వాసనా లేదు. అవి కాగడాలు. మల్లెలు ఎండాకాలం పూలనీ, చలికాలంలో అమ్మేవి కాగడాలనీ ఆయనకి తెలియదు. "తెల్లగానే ఉన్నాయి కదా" అన్నారు పాపం. నేను పెట్టుకున్నాను. ఏం చేస్తాం. మూడు నెలలాగి మార్చిలో నేనే ఆయన్ని పూల దుకాణానికి తీసుకెళ్ళి రెంటి మధ్యా తేడా ముక్కుతో నేర్పించాను.

మామ్మ 1991లో పోయింది. ఆవిడ గురించి ఒక మాట మిగిలిపోయింది.

మామ్మ గదిలో ఆవిడకి విడిగా ఒక మట్టి కూజా ఉండేది. మడి అనేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఒక మొదటి తారీఖు రాత్రి దాహమేసి డాబా దిగాను. కుండ దాకా వెళ్ళడానికి బద్ధకించి, మెట్ల పక్కనే ఉన్న మామ్మ గదిలో దూరి కూజా ఎత్తి గొంతులో పోసుకున్నాను. నోరంతా మల్లెపూలు! చెయ్యి పెట్టి చూద్దామంటే కూజా మూతి ఇరుకు. దీపం తెచ్చి వంగి చూస్తే లోపల నీళ్ళ మీద పదో పన్నెండో మల్లెలు, బాగా విచ్చుకుని తేలుతున్నాయి. వెనక మామ్మ. ఎప్పుడు దిగి వచ్చిందో.

"వేడి చేసిందే. చలవకి వేసుకున్నా" అంది. కాస్త ఆగి, "అమ్మతో చెప్పకు" అంది.

చెప్పలేదు. మామ్మ పోయిన ఎన్నో ఏళ్ళకి, అమ్మా నేనూ అల్మారా సర్దుతుంటే మాటల్లో వచ్చి చెప్పేశాను. అమ్మ మడతపెడుతున్న చీర మడతపెడుతూనే ఉంది. "సోలెడు మొగ్గలకి మూరన్నర దండ రావాలి. ఆవిడ కట్టింది ఎప్పుడూ మూరకి కాస్త ఎక్కువే వచ్చేది. నాకు తెలీదుటే?" అంది.

ఇప్పుడు నాన్నకి ఎనభై ఆరు. పాత ఇల్లు పోయి, అదే స్థలంలో అపార్టుమెంటు లేచింది, అందులోనే రెండో అంతస్తులో ఉంటారు. సైకిలు ఎప్పుడో పోయింది. ఇద్దరికీ షుగరు, అందుకని రెండో పొట్లం కూడా పోయింది. పింఛను పడ్డ రోజు సాయంత్రం లిఫ్టులో కిందికి దిగి, గేటు ముందు ఆగే పూలబండి దగ్గర నాన్న బేరమాడతాడు. సోలలు లేవు, బండివాడు స్టీలు గ్లాసుతో కొలుస్తాడు. తల గొట్టాడని నాన్నకి అనుమానం, కొసరు వేయించుకునేదాకా కదలడు.

మొన్న వేసవిలో నేను వెళ్ళినప్పుడు పొట్లం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, యథాప్రకారం కాళ్ళు కడుక్కోడానికి బాత్రూంలోకి పోయాడు. నేను కడతానని కూర్చున్నాను, మామ్మ నేర్పిన చెయ్యి ఇంకా పోలేదు. అమ్మ వద్దంది. జుట్టు బాగా పలచబడిపోయింది, దండ నిలవదు, పిన్ను పెడితే తల నొప్పంటుంది. మొగ్గలు గుప్పెట్లోకి తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీదున్న మట్టి కూజాలో వేసి మూతపెట్టింది. రాత్రి భోజనాల దగ్గర నాన్నకి అందులోంచే గ్లాసు నింపిచ్చింది. ఆయన తాగి, గ్లాసులోకి ఒకసారి చూసి, "ఫ్రిజ్‌లో నీళ్ళు లేవుటే, ఇవి చల్లగా లేవు" అన్నాడు.

అని మళ్ళీ గ్లాసు చాపాడు.